గాజు మూత కింద నక్షత్రం

ఛీ! ముందు ఈ చెయ్యి వాసన చూడు బావా. చూడు, ఏం కాదు. నీ దవడకి కదా తీగలు కట్టారు, ముక్కుకి కాదుగా!

చూశావా? అదీ సంగతి. నిన్నట్నుంచి పదకొండుసార్లు కడిగాను. సబ్బు, నిమ్మతొక్క, ఉప్పు, ఆఖరికి గిన్నెలు తోమే పొడి కూడా. తోలు లేచిపోయింది గానీ కంపు లేవలేదు. నిన్న మధ్యాహ్నం మా కళ్ళజోళ్ళ కొట్లో ఒక పెద్దమనిషికి కొత్త జోడు ముక్కు మీద సర్దబోతే, ఆయన కుర్చీతో సహా వెనక్కి వాలాడు. మా ఓనరు నన్ను వెనకగదిలోకి తోసి, "ఇవాళ్టికి నువ్వు అద్దాలు తుడువమ్మా, మనుషుల జోలికి పోకు" అన్నాడు. అదుగో, ఆ పక్క మంచం తాతగారు కూడా గోడవైపు తిరిగిపోయారు. పాపం, ఆయనకి కాలు విరిగింది, లేచి పారిపోలేడు.

కనుబొమ్మలు ఎగరెయ్యకు. మొన్నా నిన్నా ఎందుకు రాలేదనేగా? చెప్పడానికే వచ్చా. పలకా? ఇవ్వను. ఇవాళ పలక నా ఒళ్ళోనే ఉంటుంది.

అయినా ఈ పద్దెనిమిది రోజుల్లో ఆ పలకతో నువ్వు చేసిన ఘనకార్యం ఏముందిలే! నేను రాగానే "మొగ్గ ఎంత?" అక్క వెనకే తిరుగుతానని తోక అని పేరైతే పెట్టారు గానీ, తోకా, తిన్నావా అని రాశావా? తోకా, ఎండలో పడి వచ్చావే అని రాశావా? మొగ్గ ఎంత! నేను బుద్ధిగా నీ కిటికీ దగ్గర మోకాళ్ళేసి, మొగ్గ నడుముకి దారం చుట్టి, ఎంతొస్తే అక్కడ ముడేసి, ఆ దారం తెచ్చి నీ చేతిలో పెట్టడం. నువ్వు ఒక కన్ను మూసి, గడియారంలో వెంట్రుక స్ప్రింగుని చూసినట్టు ఆ ముడుల్ని చూసుకుని మురిసిపోవడం. పెళ్ళైన కొత్తలో మా ఇంట్లో నిన్ను అందరూ నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి అనేవాళ్ళు. ఇప్పుడు చూడు, మాట నిజమైంది.

నవ్వకు, నొప్పెడుతుంది. నువ్వు స్టూలు మీద స్టూలేసి పై అర దాకా ఎక్కి, పడి, దవడ విరగ్గొట్టుకుంది కూడా ఆ ఎడారి మొక్కలకి దీపం కట్టడానికేగా. ఇంట్లో మనుషులకి లేని దీపం!

నలభై మూడు కుండీలు బావా. లెక్కపెట్టాను. అందులో ఆకులా ఉన్న ఆకు ఒక్కటీ లేదు. ఒకటి వాచిన వేలు, ఒకటి గులకరాయి, ఒకటి మొటిమలొచ్చిన బంగాళాదుంప. వీటికి నీళ్ళు పొయ్యాలంటే పదిరోజులకోసారి, అదీ నువ్వు గడియారాలకి నూనె పెట్టే చుక్కలబుడ్డితో! ఆ లావాకుల మహారాణికేమో సాయంత్రం ఐదింటికల్లా అట్టపెట్టె బోర్లించాలి, పొద్దున్నే తియ్యాలి. అంత చీకటి తాగితేగానీ ఆవిడగారికి పువ్వు మీదికి మనసు పోదట. నేను కూడా అంతసేపు నిద్రపోనిస్తే పూసేదాన్నే.

ఇక పిండినల్లులు! థూ. తెల్లగా, దూదిలా, కొమ్మల చంకల్లో నక్కి, కదిలినా కదిలినట్టుండవు. దూదిపుల్ల స్పిరిట్లో ముంచి ఒక్కొక్కదాన్నే తుడవమన్నావు. నొక్కితే చాలు, ఎర్రగా చితికిపోతాయి. నీ నుదురు అలా ముడుచుకోనక్కర్లేదు, తుడిచాను. అన్నం తినే ముందు ఒకసారి, తిన్నాక ఒకసారి. తిన్నాక అన్న మాట ఒక్కసారే, తర్వాత మానుకున్నా.

సరే. పిండినల్లుల మాట ఎత్తాక బ్రష్షు మాట ఎత్తకపోతే ఎలా?

నాలుగు నెలలైంది. పొద్దున్నే అక్క పళ్ళు తోముకుంటూ ఆగిపోయింది. నోట్లోంచి బ్రష్షు తీసి చూసుకుంది. కుచ్చుల మధ్య తెల్లవి రెండు. ఒకటి ఇంకా నడుస్తోంది. పదిసార్లు పుక్కిలించి, తిన్నగా వెళ్ళి కుట్టుమిషను మూత వేసి, బాబిన్ల డబ్బా మాత్రం మర్చిపోయి, మిషను ఆటోలో పెట్టించుకుని నా గదికి వచ్చేసింది. గుమ్మంలో నీతో ఏమంది? "మూడేళ్ళుగా పెంచుతున్నారుగా ఆ వాచిన వేళ్ళ మొక్కని. అది పూసిన రోజు కబురు పెట్టండి, వచ్చి చూస్తా." నువ్వేమన్నావు? తల దించుకుని, "పొరపాటు నాదే" అన్నావు. అంతే.

నేనా? నేను గుమ్మం పక్కన చెప్పులు వెతుక్కుంటున్నాను. కాళ్ళకున్న చెప్పులే.

అందుకే కదా ఆ వేళ్ళ మొక్కకి మొగ్గ కనిపించగానే నీకు పిచ్చెక్కింది! నీ దగ్గర గడియారం బాగు చేయించుకునే ఆ డ్రాయింగు మాస్టారు ముక్క విరిచిచ్చిన మొక్క అది. "చేటంత పువ్వు, నక్షత్రంలా ఉంటుంది" అని ఊరించి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది. కనిపించనీ చెప్తా. ఆయన గీసే పళ్ళబుట్టల మధ్యలో ఆయన్నే కూర్చోబెడతా.

శనివారానికి విచ్చుతుందని నువ్వు లెక్క వేశావు. నేను నా తెలివి కూడా కలిపాను. అక్కతో "శనివారం పొద్దున్న బావ ఇంటికి రా, నీ బాబిన్ల డబ్బా వెతికి పెడతా" అన్నాను. పువ్వు చూస్తుంది, మనసు కరుగుతుంది, ఆ చేత్తోనే ఆసుపత్రికి లాక్కొచ్చేస్తా. ఎంత చక్కటి పథకం! పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు కదా మరి.

శుక్రవారం సాయంత్రం తలుపు తీశాను బావా.

అబ్బబ్బబ్బ! గుప్పుమని కొట్టింది. ఎలక చచ్చింది, అదీ వారం క్రితం చచ్చింది, అదీ కుటుంబంతో సహా చచ్చింది. ముక్కుకి చున్నీ కట్టుకుని పొయ్యి కింద చూశాను, మంచం కింద చూశాను, నీ చెప్పుల స్టాండులో చూశాను. అక్కడ వేరే కంపు, అది నీదే, అలవాటైంది. ఎక్కడా లేదు. పొద్దున్నే అక్క వచ్చేస్తుంది! ఎలక చచ్చిన ఇంట్లోకి అడుగు పెడితే మళ్ళీ ఈ జన్మలో వస్తుందా?

కింది వీధి ప్లంబర్ని లాక్కొచ్చాను. ఆయన తూము విప్పి చూసి, "కాలవ శుభ్రంగా ఉందమ్మా, ఇది మాంసం కంపు" అని, ఆపైన నన్ను అదోలా చూశాడు. "ఈ ఇంటాయన కనబడటం లేదు, ఎక్కడున్నాడు?" అని అడిగాడు. ఆసుపత్రిలో ఉన్నాడయ్యా బాబూ, దవడ విరిగిందంతే అంటే, "ఎవరు విరిచారు?" అంటాడు!

ఇద్దరం కలిసి బీరువా జరిపాం. కొండని తవ్వి ఎలకని పట్టారంటారు. మేం కొండని తవ్వాం, ఎలక కూడా లేదు. ఫినాయిలు బకెట్టు కలిపి ఇల్లంతా కడిగాను, నా ఫోను ఆ బకెట్లోనే పడింది. అందుకే ఫోటోలు లేవు, అడగకు. ఫినాయిలు మీద మాంసం కంపు ఎలా ఉంటుందో తెలుసా? వద్దులే, నువ్వు గొట్టంతో తాగే మనిషివి. ఆ గోలలో మొగ్గ కొలవడం కూడా మర్చిపోయాను. కర్టెను వేసే ఉంది, తియ్యలేదు. శుక్రవారం ముడి లేనిది అందుకే.

నిన్న పొద్దున్నే మళ్ళీ వచ్చాడు ప్లంబరు. కంపు రెట్టింపైంది. కిటికీ రెక్క కాస్త తెరిచి ఉందేమో, ఇంటినిండా ఈగలు. నేను తువ్వాలుతో కొట్టబోతే ఆయన ఆపాడు. "కొట్టకమ్మా. వాటి వెంట వెళ్ళు. మనకన్నా వాటికే బాగా తెలుసు" అన్నాడు.

వెళ్ళాను. అన్నీ కర్టెను వెనక్కే పోతున్నాయి. కర్టెను కింద నుంచి చెయ్యి పెట్టాను. మెత్తగా, నూగుగా తగిలింది. వంగి చూస్తే కుండీ అంచు మీంచి వేలాడుతోంది, మాంసం రంగులో, బొచ్చుతో. పైన సన్నగా తోక. దొరికావే ముండా అని తోక పట్టుకుని లాగబోయాను.

తోక కాదు బావా. తొడిమ.

నీ పువ్వు! నీ మూడేళ్ళ పువ్వు! కర్టెను లాగితే నా అరచెయ్యంత నక్షత్రం, ఐదు కొనలు... మొహం మీద ముడతల్లా ఎర్రటి గీతలు, అంచంతా జుట్టు. నడిమధ్యలో ఈగలు కొలువు తీరి ఉన్నాయి. నేను నమ్మలేక, పువ్వు కదా అని ముక్కు దగ్గర పెట్టాను. పువ్వు కనిపిస్తే ముక్కు పెట్టకుండా ఉంటామా? పెట్టాను. వాంతి అక్కడే అయ్యేది, ప్లంబరు బకెట్టు అందించాడు. మంచివాడు. "ఇది పువ్వా!" అని ఆయన కూడా వంగి చూసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా, చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

దిగుతూ "మీ అక్కగారు ఎక్కుతున్నారమ్మా!" అని కేకేశాడు.

నా పరిస్థితి చెప్పు. పువ్వు చూపించకపోతే అక్క రాదు. పువ్వు చూపిస్తే అక్క ఉండదు. నీ పనిబల్ల మీద ఆ పాత బల్లగడియారం ఉంది చూడు, దాని గాజు గుమ్మటం ఎత్తి కుండీ మొత్తం మీద బోర్లించాను. ఒక కొమ్మ కాస్త వంగింది, క్షమించు. మిగతా కిటికీలన్నీ తీసి, తువ్వాలుతో గాలి విసిరి, కొంగు... కొంగేది, చున్నీ సర్దుకుని నిలబడ్డాను.

అక్క వచ్చింది. చూసింది. నిజం చెప్పనా, గాజు వెనక నుంచి చూస్తే బాగుంది బావా. ఎవరో సూదితో కుట్టినట్టు ఒక్కో గీతా. అక్క కూడా కుట్టుపని మనిషేగా, కళ్ళు చిన్నవి చేసి చూస్తూ ఉండిపోయింది. "పూసిందే" అంది, మెల్లిగా. తర్వాత, "ఈ మూతేమిటి?" అంది.

"దుమ్ము పడకుండా అక్కా."

"లోపల ఈగలెందుకున్నాయి?"

"ఈగలు కాదక్కా. తేనెటీగలు. చిన్నజాతి."

నన్ను ఒక్క చూపు చూసింది. చిన్నప్పుడు పంచదార డబ్బా దగ్గర దొరికినప్పుడు చూసేదే, ఆ చూపు. చూసి, రెండు చేతులా మూత ఎత్తేసింది. వంగింది. గుండెనిండా పీల్చింది.

నేను కళ్ళు మూసుకున్నా. అయిపోయింది, బావ సంసారం ఇంక ఈగలపాలు అనుకున్నా.

ఒక చప్పుడు వినిపించింది. వాంతి అనుకున్నా. కాదు. నవ్వు! నేలమీద కూలబడి, మిషను ఉండే చోటు ఖాళీగా ఉందే, అక్కడే కూలబడి నవ్వుతోంది. నాలుగు నెలలుగా నా గదిలో మిషను చప్పుడు తప్ప వేరే చప్పుడు చెయ్యని మనిషి! "మూడేళ్ళే తోకా! మూడేళ్ళు నా కిటికీ వెలుతురు తాగి, నా మిషను మూలకి నెట్టించి, మీ బావ పూయించింది దీన్నా! ఆ మనిషికి తెలుసా ఇది కంపని?"

"తెలీదక్కా. రోజూ దారంతో కొలుచుకుంటున్నాడు" అన్నాను. ఇంకా నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూ, తుడుచుకుంటూ, నవ్వు ఎక్కడ ఆగిందో తెలీలేదు గానీ తుడుచుకోవడం ఆగలేదు.

అప్పుడంది. "కంపుకి పోయేదాన్నైతే మొదటి కుండీకే పోయేదాన్నే. గోరంత గడియారంలో, ఇసుకరేణువంత మర చూసి ఇది దీనిది కాదని చెప్తాడు మీ బావ. పన్నెండేళ్ళుగా తన బ్రష్షు పక్కనే ఉన్న నా బ్రష్షు పోల్చుకోలేదా? మొక్కల మీద కోపం కాదు నాకు. ఈ ఇంట్లో నేను కనబడటం మానేశానని తెలిసింది, వెళ్ళిపోయాను. అంతే."

బావా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను నా పళ్ళు తడుముకున్నాను.

ఇంకోటి కూడా ఉంది. బీరువా జరిపినప్పుడు వెనక ఒక బిస్కట్ల డబ్బా దొరికింది. అలా చూడకు, తెరిచాను. ఎలక అందులో ఉందేమోనని! పద్నాలుగు కొత్త బ్రష్షులు. అన్నీ ఆకుపచ్చ పిడివి, మెత్తని కుచ్చువి, అక్క వాడేవి. వారానికొకటి కొన్నట్టున్నావు. ఒక్కోదానికీ నువ్వు రిపేరు గడియారాలకి కట్టే చీటీ కట్టావు. వస్తువు: బ్రష్షు. లోపం: నాది. ఇవ్వాల్సిన తేదీ దగ్గర పద్నాలుగింటికీ ఖాళీ.

ఆ చీటీలు అక్కకి చూపించానా? లేదు. సంచీలో దాచాను. చూపిస్తే బ్రష్షు మాట సాగుతుంది. సాగితే...

ఛీ. చెప్పేస్తాను. ఆ కంపు పువ్వుది అనుకున్నాను గానీ, సగం నాదే.

బ్రష్షులో నల్లులు బయటపడ్డ ముందురోజు నేను మీ ఇంట్లోనే ఉన్నానుగా, రాత్రి కూడా అక్కడే పడుకున్నా. నువ్వు కంటికి భూతద్దం పెట్టుకుని కుండీలో తల దూర్చి ఉన్నావు. తల ఎత్తకుండానే, "తోకా, స్నానాలగది కిటికీలో పాత బ్రష్షు ఉంటుంది, అందుకో" అన్నావు. వెళ్ళాను. పాత బ్రష్షు ఉంది. దాని మీద బల్లి కూర్చుంది బావా! ఇంతుంది. నాకు బల్లంటే ప్రాణం పోతుందని తెలుసుగా. ష్ అన్నాను, కదల్లేదు. పక్కన మీ పళ్ళ బ్రష్షుల గ్లాసులోంచి చేతికొచ్చింది లాగి నీకిచ్చాను. ఒక్కసారికేగా, కడిగి పెట్టేద్దామనుకున్నా. నువ్వు చూడకుండానే అందుకున్నావు. భూతద్దంలో నల్లులే కనబడ్డాయి, చేతిలో ఉన్నది కనబళ్ళేదు. మొక్కని తోమావు, తిరిగిచ్చావు. పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడైంది, నేను పరిగెత్తుతూ దాన్ని గ్లాసులో పడేశా. అలాగే. నల్లులతో సహా. పాలు కూడా ఆపలేకపోయాను, అది వేరే సంగతి.

మర్నాడు పొద్దున్న నువ్వు "పొరపాటు నాదే" అన్నావు. నాకు తెలుసు, నువ్వు నిజంగానే అలా అనుకున్నావు. తోక పాత బ్రష్షే ఇచ్చింది, నేనే ఎక్కడో మార్చేసుంటాను అనుకున్నావు. నేను నోరు విప్పి ఉంటే ఆ గుమ్మంలోనే తేలిపోయేది. రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకున్నా. నాలుగు నెలలైంది. నేనేదో మహా త్యాగం చేస్తున్నట్టు నీ నల్లులు తుడిచాను గానీ, నాకన్నా పెద్ద నల్లి ఆ ఇంట్లో లేదు.

ఇవాళే ఎందుకు చెప్తున్నానంటావా? రేపు నీ తీగలు విప్పుతారట. విప్పకముందే చెప్పేస్తే అరవలేవుగా. అదన్నమాట నా ధైర్యం. థూ.

ఆగు, ఆగు, లేవకు. ఇంకొక్కటి. ఈ పద్దెనిమిది రోజులూ నువ్వు గొట్టంతో తాగుతున్న సూపు ఆసుపత్రి క్యాంటీనుది కాదు. ఏ క్యాంటీనులో అన్నిసార్లు వడకడతారు? నీకు స్పృహ లేనప్పుడు అక్క ఒక రోజంతా ఈ కుర్చీలోనే కూర్చుంది. నువ్వు కళ్ళు తెరిచే వేళకి లేచిపోయింది. తను చేసి పంపుతోందని చెప్తే నా జుట్టు పీకుతానంది. ఇవాళ ఫ్లాస్కు నాకివ్వలేదు. తనే పట్టుకుంది. "నేనూ వస్తా" అంది. బయట వరండాలో బల్ల మీద కూర్చుంది. లోపలికి రావాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

ఇదుగో నీ బ్రష్షుల డబ్బా. ఇదుగో పలక. ఇదుగో సుద్దముక్క. ఎన్ని తిట్లు రాస్తావో రాయి, పలక చాలకపోతే దుప్పటి మీద రాయి. కూర్చున్నా, కదలను.

రాశావా? అంత చిన్నదా? ఇలా తిప్పు.

"కొన నుంచి కొనకి ఎంత?"

ఛీ! ఛీ ఛీ ఛీ! నేను ఇక్కడ నా పేగులు బయటపెట్టుకుంటుంటే నీకు... జానెడు బావా. జానెడుకి రెండు వేళ్ళు తక్కువ. ఇదుగో, ఆఖరి ముడి. తీసుకో. చాలా? అక్క కొలిచింది, నేను కాదు. తన టేపుతో కొలిచి, దారానికి ముడేసి ఇచ్చింది.

కళ్ళు తుడుచుకో. అలా కాదు, చీటీలు తడుస్తున్నాయి. రా అనా? ఇంకా పెద్దగా రాయనక్కర్లేదు, అర్థమైంది. పిలుస్తా. కానీ నేను చెప్పేదాకా నువ్వు ఆ డబ్బా ఇవ్వకు. "పొరపాటు నాదే" అని మళ్ళీ రాశావంటే పలక నీ నెత్తిన పగలగొడతా, దవడ డాక్టరు పక్కనే ఉన్నాడు.

అక్కా! ఒకసారి లోపలికి రా. ఆఁ, బావ పిలుస్తున్నాడు. నీకొకటి చెప్పాలి, బ్రష్షు గురించి. నేనే చెప్పాలి.

ఊఁహూఁ, ముందు ఆ ఫ్లాస్కు కింద పెట్టు. కాస్త దూరంగా పెట్టు. పెట్టావా?

అయితే విను.